అన్నం తిన్నాక నిలబడే పుస్తకం

మా టీచర్‌గారు పోయారని తెల్లవారుజామున ఫోను వచ్చింది. అది జరిగి నెల కావస్తోంది. ఆ పొద్దున మా చిట్టమూరులో నేను ఎవరికి కబురు చెప్పినా, అయ్యో అన్న వెంటనే, మరి ఆదివారం పుస్తకం ఎవరు తెస్తారని అడిగారు. మనిషి పోతే అడిగే మాటేనా అది అని మా ఇంట్లో వాళ్ళకు కోపం వచ్చింది. నాకు రాలేదు. ఆవిడ వింటే మురిసిపోయేవారు.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక, తన ఇంటి వరండాలో సైన్సు పుస్తకాలు చదివే గుంపు ఒకటి పెట్టారు. ఎరువుల కొట్టు అన్న, బట్టలు కుట్టే అక్క, కండక్టరన్న, నేను, ఇంకా కొందరం. పదో తరగతితో సైన్సు పీడ వదిలిందనుకున్న వాళ్ళమే అందరం.

మీరు నమ్మరేమో గానీ, పుస్తకం ఎంచడానికి ఆవిడ పెట్టే పరీక్ష మా నిద్ర. ఆదివారం ప్రార్థన ముగిసి, భోజనాలై, కళ్ళు మూతలు పడే వేళకు పిలిచేవారు. కొత్త పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి ఒక పేజీ చదివేవారు. ఎవరు కునికినా ఆ పుస్తకం వెనక్కి పోవలసిందే. పొద్దున పెట్టుకోవచ్చు కదా అని కండక్టరన్న ఒకసారి అడిగాడు.

"పొద్దునపూట ఏ పుస్తకమైనా బాగానే ఉంటాది. అన్నం తిన్నాక కూడా నిలబడాల" అన్నారు.

శ్రీహరికోట పక్కనే ఉన్నాం కాబట్టి రాకెట్ల పుస్తకం కావాలని మా గోల. రాకెట్టు మిద్దె ఎక్కితే కనపడుతుంది, కాళ్ళ కింద ఏముందో చూడండని ఆవిడ మట్టిలో బతికే సూక్ష్మజీవుల పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎరువుల కొట్టు అన్న బస్తాతో పాటు ఆ కబుర్లు కూడా రైతులకు అంటగట్టాడు.

ఆవిడా ఒకసారి పొరబడ్డారు. విశ్వం పుట్టుక మీద లావుపాటి పుస్తకమొకటి ఆవిడకు ప్రాణం. పరీక్ష పెట్టకుండానే మొదలెట్టించారు. వారం వారం కుర్చీలు ఖాళీ అవుతూ, చివరికి కుట్టుమిషను అక్కా నేనూ మిగిలాం. ఆవిడ పుస్తకం మూసేశారు.

"తప్పు పుస్తకం ఎంచినాను. సగంలో వదిలేస్తే పాపమేం రాదు. పోయి అందర్నీ పిలుచుకురా పో."

తప్పును అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అందుకే ఆవిడంటే నాకంత ప్రేమ.

ఆవిడకు జబ్బు చేసి, అది ముదిరాక పుస్తకం ఎంచే పని నాకు అప్పగించారు. నేను తెచ్చింది నచ్చక గుంపు మళ్ళీ చెదిరిపోతే, ఇక కూడగట్టడానికి ఆవిడ ఉండరు. ఆ భయంతో నాకు అన్నం సయించలేదు.

మొన్న ఆదివారం అదే వరండాలో కూర్చున్నాం. మెదడు మీద రాసిన పుస్తకం తీసి, ఒక పేజీ చదివాను. అందరూ కళ్ళు ఇంతింత చేసుకుని వింటున్నారు. నన్ను బాధపెట్టలేక నిద్ర ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఇంతలో మూలనుంచి గురక వినిపించింది. చూస్తే టీచర్‌గారి భర్త, మేమంతా సార్ అని పిలిచే ఆయన. ఎవరికీ నవ్వు ఆగలేదు. ఆవిడ పోయాక మేం నవ్వడం అదే మొదలు.

నేనూ నవ్వుతూనే రెండో పుస్తకం తెరిచాను. సముద్రపు ఒడ్డున బొరియలోంచి బయటికొచ్చి తిరిగే పీత, పోటు వచ్చే వేళను ఎలా పసిగడుతుందో అందులో ఉంది. మధ్యలో సార్‌కు మెలకువ వచ్చింది. అక్క ఆయన చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది. పేజీ అయిపోయింది, నేను ఆగాను.

"ఆపినావేందమ్మా? నీళ్ళొచ్చేలోపల ఆ పీత లోపలికి పోయిందా లేదా?" అన్నారు సార్, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. ఆయన చేతిలోని కాఫీ మీద మీగడ కట్టింది.