ఉపాసం డబ్బాలో సాబుదాన

ఎవరింట్లో పెళ్లయినా భోజనాల దగ్గర మా ఆయన ఈ ముచ్చట మొదలుపెడతాడు. "ఈమె తన చేపల్ని మా అమ్మ మీద పడేసి అండమాన్ పోయింది. అమ్మ సాబుదాన ఏసి అన్నిటినీ సంపింది." చేపలకు సగ్గుబియ్యమా అని అందరూ నవ్వుతారు. మా అత్తగారు తల వంచుకుని విస్తరి వైపు చూస్తుంది.

శుద్ధ అబద్ధం. ఒక్క చేప కూడా చావలేదు. పోయింది ఒక్క కోరల్.

మహారాష్ట్ర నాందేడ్‌లో సముద్రమెక్కడిదని ఎగతాళి చేసినవాళ్ల ముందే నాలుగేళ్లుగా పెంచుతున్న ఉప్పునీళ్ల ట్యాంక్ అది. లోపల పగడపు కోరల్స్, ఒక క్లౌన్ చేపల జంట. అవి అసలు సముద్రంలో ఎట్లా బతుకుతాయో చూడాలని కాలేజీ స్నేహితురాలితో కలిసి ఇరవై ఒక్క రోజులకు టికెట్లు తీసుకున్నాను.

"ఇంట్ల సముద్రం పెట్టుకొని మళ్ల సముద్రానికి పోతవా?" అన్నాడాయన.

"ఇంట్ల వంటయితది, మీరు హోటల్‌కు పోతలేరా?"

"నీ ట్యాంక్ సంగతి నన్నడగకు మరి."

అడగలేదు. అత్తగారినే అడిగాను.

రెండు వారాలు తయారీ చేశాను. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకని తగ్గినంత మేర ఫిల్టర్ నీళ్లు వాటంతటవే పడే ఏర్పాటు చేశాను. కరెంటు పోతే పంపులు ఆగకుండా ఇన్వర్టర్ పెట్టించాను. ఒక డ్రమ్ము నిండా ఉప్పునీళ్లు కలిపి, 'నీళ్లు చెడితే ఇవి పోయాలి' అని మూత మీద మరాఠీలో రాశాను. మా అత్తగారు మాట్లాడేది తెలుగే అయినా చదివేది మరాఠీ.

ఇక మేత. అత్తగారు బీపీ మాత్రలు వేసుకునే ఏడు గళ్ల వారం డబ్బాల్లాంటివే మూడు కొని, రోజుకో చిటికెడు పోశాను. సోమవారం, గురువారం గళ్లు మాత్రం ఖాళీగా ఉంచాను.

"మీరు ఉపాసమున్న దినం అవి గూడ ఉపాసమే, అత్తమ్మా."

"మంచి భక్తిగల్ల చేపలే," అని ఆమె మురిసిపోయింది.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో సోమవారం ఆమె డబ్బా తెరిస్తే గడి ఖాళీ. అద్దం దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తున్న చేపలు. వంటింట్లో కిచిడీకి నానబెట్టిన సగ్గుబియ్యం. పిడికెడు తెచ్చి ట్యాంకులో వేసింది.

మర్నాడు పొద్దునకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. నా ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆమె డ్రమ్ము మీది రాత చదివింది. టీ వడపోసే జాలీతో సగ్గుబియ్యం ఏరింది. మగ్గుతో సగం నీళ్లు తోడి, డ్రమ్ములోవి పోసింది. డెబ్బై ఏళ్ల మనిషి, మధ్యాహ్నం దాకా, ఒక్కతే.

ఫోన్ కలిసినాక ఆమే చెప్పింది. "ఉపాసమంటె మనం సాబుదాన తింటం గద బిడ్డా. అవి ఉత్తగ ఎట్లుంటయ్?"

మా ఇంట్లో ఉపాసమంటే పస్తు కాదు, వేరే తిండి. ఆ రోజుల్లో నేనూ రెండు పళ్లేలు లాగిస్తాను. మాట ఎంచుకున్నది నేను. తప్పు నాది. దాన్ని సరిదిద్దింది ఆమె.

తిరిగొచ్చేసరికి చేపలు రెండూ చలాకీగా ఉన్నాయి. ఒక కోరల్ మాత్రం సున్నం ముక్కలా అయింది.

"వాడు రెండు దినాలు సోఫాలనే కూసున్నడు," అంది అత్తగారు కొడుకును చూపిస్తూ. "నేను ఏసుడు సూసిండు."

ఆయన కాదనలేదు. "సూసిన. నువ్వే చెప్పినవేమో అనుకున్న."

ఈ దీపావళికి మళ్లీ పోతున్నాను, ఈసారి నెల రోజులు. ట్యాంక్ మళ్లీ అత్తగారిదే. ఆమే అడిగి మరీ తీసుకుంది. మొన్న ఒక పెళ్లిలో ఆయన పాత కథ ఎత్తుకోగానే, విస్తరి ముందు నుంచే ఒక ప్రశ్న గట్టిగా అడిగాను. పెరుగు వడ్డించమని అటు తిరిగాడు. కాబట్టి ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను: సాబుదాన పడుతుంటే నేను చెప్పాననుకున్నారు, సరే. మర్నాడు మీ అమ్మ వంగి వంగి నీళ్లు తోడుతున్నప్పుడు ఏమనుకుని సోఫాలోంచి లేవలేదు?