చచ్చిన మొక్కల సున్నాలు

టమాటా పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. పండు పగలకపోవడం, తొక్క గట్టిగా ఉండటం లాంటి గుణం మొక్క జన్యువుల్లో ఏ చోట ఉందో వెతికే ప్రోగ్రాం ఆమె చేతిలో ఉండేది. దానికి బొమ్మలు, బటన్లు ఉండవు. నల్లటి తెర మీద కమాండ్ కొట్టి, దాని వెనక ఆప్షన్లు తగిలించాలి: ఏ ఫైలు, ఏ గుణం, ఏ అంకె కనిపిస్తే కొలత లేదనుకోవాలి. అవన్నీ ఆమెకు కొట్టిన పిండి. "మా ఆయనకన్నా నయం, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది," అనేది.

ఎండకు పగలని పండు కోసం వెతికినప్పుడు ఐదో క్రోమోజోము దగ్గర గ్రాఫులో గీత కొండలా లేచింది, అంటే ఆ గుణం అక్కడుందన్నమాట. కేంద్రాన్ని నడిపే పెద్ద మేడమ్ పొంగిపోయింది. ఆ చోటున్న జన్యువు సగం పాలే ఉన్న మొక్కల్ని కలిపి, అది పూర్తిగా వచ్చిన విత్తనాలనే ఏరి గ్రీన్‌హౌస్‌లో వేయించింది. నారు మొలిచింది, రెండాకులు వేసింది, తలలు వాల్చేసింది. మళ్లీ వేశారు. మళ్లీ అంతే.

గ్రీన్‌హౌస్ చూసుకునేది నీళ్ల బాబాయి. ఆ తడిలోనే జుట్టు నెరిసిన మనిషి. తప్పు ఆయన మీద పడింది. నీళ్లెక్కువ పోశాడన్నారు, తక్కువ పోశాడన్నారు. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర లెక్కలమ్మే అంది: "మన బాబాయి చెయ్యి పడితే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుంది." అందరూ విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ వారమే ఆయన్ని గేటు కాపలాకు మార్చారు.

కొన్నాళ్లకు లెక్కలమ్మ, కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పుతూ ఆ పాత కమాండునే తెర మీదకు తెచ్చింది. ఒక్కో ఆప్షనూ వేలితో చూపిస్తూ పోయింది. "కొలత లేనివాటికి ఏ అంకో ఇక్కడ..." అంటూ ఆగిపోయింది. ఆ ఆప్షన్ అక్కడ లేదు.

కాయకముందే చచ్చిపోయిన మొక్కలకు పొలంలో పగుళ్ల కొలత దగ్గర సున్నా రాశారు. సున్నా అంటే కొలత లేదని ఆమె ప్రోగ్రాముకు చెప్పలేదు. అది సున్నా పగుళ్లు అనుకుంది. చచ్చిన మొక్కల్నే అన్నిటికన్నా మంచివిగా లెక్కగట్టింది. తామంతా ఏరి కోరి ఎంచింది పగలని పండును కాదు, బతకని నారును.

"ఏమైందక్కా?" అంది అమ్మాయి.

"ఏం లేదు. నువ్వెళ్లి టీ తాగిరా."

ఆప్షన్ తగిలించి మళ్లీ నడిపింది. కొండ చదునైపోయింది. వెళ్లి మేడమ్‌కు చెప్పింది.

మేడమ్ రిపోర్టు ముందుకు లాక్కుంది. "సరే, రిపోర్టులో సవరించిన ఫలితం అని రాసేద్దాం. పాత గొడవంతా ఇప్పుడెందుకు?"

"బాబాయి గేటు దగ్గర కూర్చున్నాడు మేడమ్."

"పిలిపిస్తాలే."

"ముందు నేనెళ్లి ఆయనకు చెప్పాక పిలిపించండి."

గేటు కనిపించేసరికి ఆమె ఆగిపోయింది. ఏదో మరిచిపోయినట్టు సంచీ వెతుక్కుంటూ నిలబడింది. బాబాయే ఆమె వైపు కుర్చీ జరిపాడు.

"బాబాయ్, ఆ నారు మీవల్ల చావలేదు. అది పుట్టుకతోనే బతకనిది. దాన్ని ఎంచింది నేను. ఒక ముక్క టైపు చేయడం మర్చిపోయాను."

ఆయన తన అరచేతులకేసి చూసుకున్నాడు. "ఇంట్లో కుండీలకు కూడా నీళ్లు పోయడం మానేశానమ్మా. మా ఆవిడ పోస్తోంది."

"ఆవేళ భోజనాల దగ్గర నేనన్న మాట..."

"అందరూ నవ్వారు కదమ్మా. నేనూ నవ్వాను," అన్నాడు మెల్లగా.

ఆయన గ్రీన్‌హౌస్‌కు తిరిగొచ్చాడు. వేరే మొక్కల విత్తనాలతో వేసిన కొత్త నారు నిలబడింది. తప్పు ఎవరిదో భోజనాల బల్ల దగ్గర లెక్కలమ్మే చెప్పింది. బాబాయి ఎదురైతే ఎప్పటిలాగే పలకరిస్తాడు. కానీ ఇప్పుడు ట్రేలకు నీళ్లు పట్టేముందు వేలితో మట్టి నొక్కి చూసి, కాసేపాగి, మళ్లీ నొక్కి చూస్తున్నాడు. ఇదివరకు ఆయనకు ఆ అలవాటు లేదు. గాజు గోడలోంచి అది కంటపడినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకుంటుంది.