తాంబూలం ఇచ్చిన బ్రేకులు

మొన్న నంద్యాలలో కారుకు కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించుకుని ఆళ్లగడ్డ దారి పట్టాను. ఊరు దాటగానే తెరిచి ఉన్న కిటికీలోంచి ఒక కాలిన వాసన లోపలికి వచ్చింది. ఎండుపీచును ఇనుపరజనుతో కలిపి నిప్పుల మీద వేసినట్టుండే ఆ వాసన, కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా కాసేపు వస్తుందని సర్వీసు సెంటరులో ముందే చెప్పారు. బ్రేకు తొక్కితే కారు ఎడమకు లాగుతుందని మాత్రం చెప్పలేదు. శిరివెళ్ల దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చి బ్రేకు తొక్కాను, లాగింది. నా చేతులు వాటంతటవే స్టీరింగును కుడికి బిగబట్టాయి. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. ఇదే దారిలో, చిన్నప్పుడు, నాయన చేతులను చూసి వచ్చింది.

నేను పుట్టే నాటికే మా ఇంటి వైభవం సగానికి పైగా కరిగిపోయింది. జాలి కోసం చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. ఆళ్లగడ్డకు దగ్గరలోని మా ఊళ్లో తాత కట్టించిన మిద్దె, కొంత నల్లరేగడి పొలం, తాత కొన్న నల్ల కారు మిగిలాయి. ఆ కారు లోపలి వాసన ఇప్పటికీ విడివిడిగా చెప్పగలను: ఎండకు కాగిన రెక్సిను, పచ్చి చెనిక్కాయల మన్ను, నాయనను కన్న జేజి వక్కాకు సంచి, అన్నిటి కిందా పెట్రోలు. ఎండాకాలం మహానందికి పోయి, రాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉండే నీళ్లలో పళ్లు కొట్టుకునేదాకా మునిగి, తడి పరికిణీతోనే వెనక సీటెక్కి అరటిపళ్లు తింటూ తిరిగొచ్చేవాళ్లం. ఉగాదికి అమ్మ చేసిన పూర్ణం ఓళిగలు నేతిలో తడిసి ఇత్తడి డబ్బాలో నా ఒళ్లో వెచ్చగా ఉండగా, బంధువుల ఊళ్లన్నీ ఆ కారులోనే తిరిగేవాళ్లం. దసరాకు దాన్ని కుందేరు నీళ్లతో కడిగి, ముందు అద్దానికి విభూతి రేఖలు తీర్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లు. అవి చితికినప్పుడు వచ్చే పుల్లటి వాసన కోసం పిల్లలమంతా నేలకు వంగి కాచుకునేవాళ్లం.

మా ఇంటికి ఒక కట్టుబాటు ఉండేది. బావి తవ్వినా, గోడ లేపినా, తలుపు చెక్కినా, పని ముగిశాక దాన్ని ముందు పరీక్షించేవాళ్లు. ఆ తర్వాత పనివాడిని పీటమీద కూర్చోబెట్టి కొత్త పంచె, తాంబూలం చేతిలో పెట్టేవాళ్లు. తాంబూలం ఇచ్చాక ఆ పనికి వంక పెట్టకూడదు. పెడితే పనివాడి పరువు తీసినట్టు, ఇచ్చిన చేతికీ మర్యాద పోయినట్టు. తాత హయాంలో కట్టిన పశువుల కొట్టం ఒకటి తాంబూలం అందాక వచ్చిన మొదటి వానకే కారితే, తాత ఎవరినీ ఒక్క మాట అనకుండా ఎద్దులను వేరే చోట కట్టించాడట. ఆ కథ మా ఇంట్లో నవ్వడానికి చెప్పుకునేది కాదు.

తాత తీర్చకుండా పోయిన మొక్కు ఒకటి మిగిలింది. మా పొలం గట్టు మీద, రోడ్డున పోయేవాళ్లకు కూడా కనిపించేలా, నిలువెత్తు ఆంజనేయుణ్ణి నిలపాలని. నాయన ఆ పనిని ఆళ్లగడ్డలో శిల్పి వీరాచారికి అప్పగించాడు. రోడ్డు పక్కనే ఆయన పందిరి. తెల్లటి రాతిపొడి ఆయన కనుబొమల మీద ఎప్పుడూ ముగ్గులా ఉండేది. ఆ విగ్రహం కోసం అందరికంటే ఎక్కువగా కాచుకున్నది మా జేజి. ఆమె చూపు మసకబారుతోంది. పొద్దున్నే వాకిట్లో నిలబడి, నన్ను దూరం పంపి, "ఏ రంగు పరికిణీ కట్టుకున్యావో నన్ను చెప్పనీ" అని కళ్లు చికిలించేది. తప్పు చెప్పిన రోజు ఆమె సంగటి సరిగా తినేది కాదు.

"రేయ్ పెద్దోడా, కండ్లుండంగనే సామిని సూపియ్యరా. గుడ్డిదాన్నైనాక నువ్వు బంగారు సామిని నిలబెట్టినా నాకేం?" అనేది నాయనతో.

ఆ రోజుల్లోనే మా డ్రైవరు మానుకుని బస్సు నడపడానికి పోయాడు. నాయనే కారు నడపడం మొదలుపెట్టాడు. ఊరు దాన్ని గమనించి, గమనించనట్టు మర్యాదగా తల తిప్పుకుంది. బ్రేకులు అరిగి, తొక్కినప్పుడల్లా పంది అరిచినట్టు అరిచేవి. విగ్రహం చూడటానికి జేజిని తీసుకుపోవాలి కాబట్టి, ముందు బ్రేకులు బాగు చేయించాలని నాయన నంద్యాలకు బయలుదేరాడు. అమ్మ, నేను వెంట వెళ్లాం.

నంద్యాలలో మస్తాన్ షెడ్డు. ఆయన తండ్రి కూడా తాత కారును చూసినవాడే. మమ్మల్ని చూడగానే ఆయన చేతులు తుడుచుకుని మాకు కుర్చీలు వేయించి, టీలు తెప్పించి, నాకు బెల్లం మిఠాయి తెప్పించాడు. ముందు చక్రాలు విప్పి, అరిగిన లైనింగు ఊడదీసి, కొత్తది రివెట్లు కొట్టి బిగిస్తూ, తాత దర్జా గురించి ఒకటే మాటలు. నాయన కూడా ఆ రోజు మాటల్లో పడ్డాడు. అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఆయన అంత నవ్వగా నేను చూడలేదు. ఆ మాటల్లోనే కుడి చక్రం లోపలి బ్రేకు ముక్కలు తలకిందులుగా బిగిసిపోయి, ఆ పక్క పట్టు తగ్గింది.

పని అయిందనగానే నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ సంచిలోంచి పంచె, తమలపాకులు తీసింది గానీ చేతికివ్వలేదు.

"ఇదో, ఒగసారి అట్ల తిప్పకొని రాగూడదా?" అంది మెల్లగా.

ఇదివరకు పరీక్షించే పని డ్రైవరుది. యజమాని తానే రోడ్డు మీద ముందుకూ వెనక్కూ తోలి చూడటం, అందరి ముందూ, నాయనకు చిన్నతనమనిపించింది. "మస్తాన్ బిగించినాక తిప్పి సూసేదేంది?" అన్నాడు, షెడ్డంతా వినేలా. అమ్మ చేతిలోంచి తీసుకుని నాయన ఇచ్చిన ఆ పంచెను, తాంబూలాన్ని మస్తాన్ కళ్లకద్దుకున్నాడు.

శిరివెళ్ల దగ్గర ఎద్దులబండి ఎదురైతే నాయన బ్రేకు తొక్కాడు. కారు ఎడమకు తిరిగి తుమ్మకంపలోకి దూరింది. ముళ్లు అద్దాన్ని గీరిన చప్పుడు నాకింకా గుర్తే.

"తప్పు బిగించినాడు. వెనక్కి తిప్పండి," అంది అమ్మ.

"తాంబూలం ఇచ్చినాం."

"తాంబూలం బండిని ఆపదు గదా?"

"నేనాపుతా," అన్నాడు నాయన.

నిజంగానే ఆపాడు, చాలా రోజులు. బ్రేకు తొక్కే ముందు భుజం బిగించి స్టీరింగును కుడికి తిప్పి పట్టేవాడు. పక్క సీట్లో నేను, తెలియకుండానే, కాళ్లు రెండూ నేలకు అదిమి కూర్చునేదాన్ని. ఊరికి కూడా అలవాటైంది. మా కారు వీధి మొదట్లో కనపడగానే అరుగుల మీది ముసలివాళ్లు పిల్లలను కేకేసేవాళ్లు: "పెద్దింటి కారొస్తాండాది, ఆపక్కకు పొండ్రా! అది యాడికి మొగ్గుతాదో దానికే తెల్దు!" మేకలు కూడా కుడివైపుకే పోవడం నేర్చుకున్నాయని ఒక పరిహాసం. నాయనకు వినపడేది. ఆయన వీపు మరింత నిటారయ్యేది. చెప్పుడు మాటలు విని పనివాడి మీదికి పోయే వంశం కాదు మాది. అది నాకప్పుడు గొప్పగానే ఉండేది, ఇప్పటికీ పూర్తిగా గొప్ప కాదని అనలేను.

విగ్రహం సిద్ధమైందని వీరాచారి కబురు పెట్టాడు. చెనిక్కాయలు పీకే రోజులు. రోడ్డు పొడవునా ఎండుతున్న తీగల వాసన. జేజి పట్టుచీర కట్టుకుంది. ఆ రోజు నా సీటు ఆమెకిచ్చి నేను అమ్మ పక్కన వెనక కూర్చున్నాను. జేజి మోకాళ్ల నొప్పులతో కారు దిగలేని మనిషని వీరాచారికి తెలుసు. అందుకని, పెద్దామె కారులో కూర్చునే చూసేలా, విగ్రహాన్ని పందిరి లోపలినుంచి జరిపించి రోడ్డు అంచున, సరిగ్గా ఆమె కిటికీ వచ్చే చోట, ఎడమవైపున నిలబెట్టించాడు. చేసింది మర్యాదే.

పూలదండతో, అభయమిచ్చే కుడిచేయి ఎత్తి, నల్లగా నిగనిగలాడుతూ సామి మలుపులోనే కనిపించాడు. నాయన బ్రేకు తొక్కాడు. తొక్కుతూనే, దేవుణ్ణి చూసిన ఏ మనిషైనా చేసే పనే చేశాడు. రెండు చేతులూ స్టీరింగు వదిలి జోడించాడు.

కారు ఎడమకు తిరిగింది. పెద్ద వేగం లేదు. ముందు బంపరు తగిలి విగ్రహం వెనకనున్న రాళ్ల మీదికి ఒరిగింది. ఎత్తిన చేయి మణికట్టు దగ్గర విరిగి, చక్రం దగ్గరికి దొర్లింది. ఉలుల చప్పుడు ఆగిపోయింది.

"ఏందది? ఏం పడింది? సామి యాడ?" అంది జేజి, అద్దానికి మొహం ఆనించి.

వీరాచారి ఆ చేతిని ఎత్తుకుని పైగుడ్డలో చుట్టాడు. "అంగం పోయింది సామీ. ఇంగ పూజకు రాడు. నీళ్లలో కలపాల్సిందే," అన్నాడు. కోపం లేదు గొంతులో, అందువల్లే వినలేకపోయాం. "బండికేమైందప్పా?"

"బండికేం కాలేదు. నా చూపు తప్పింది," అన్నాడు నాయన.

అమ్మ నోరు తెరిచింది. నాయన వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ నోరు మూసుకుంది.

వార్త బస్సులెక్కి నంద్యాలకు చేరింది. మర్నాడు మస్తాన్ పనిముట్ల సంచితో మా వాకిట్లో దిగాడు. ఎవరినీ అడగకుండా కుడి చక్రం విప్పి, గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. తర్వాత ముక్కలు తిరగేసి బిగించాడు. అమ్మ పెట్టిన టీ చల్లారేలోపు అయిపోయింది ఆ పని.

"ఒగ మాట చెప్పింటే ఏంబోయె సామీ?" అన్నాడు, లేచి. "నన్ను నాలుగు తిట్టింటే సరిపోయేది గదా. మీరు రాకపోతే, పని బాగుందనుకుంటి. పెద్దింటి కారు నేనే జేసినానని బజారంతా చెప్పుకుంటి. మీరు నా మర్యాద కాపాడింది ఇదేనా?"

మస్తాన్ సంచిలోంచి ఆ పంచె తీసి, మడత కూడా విప్పనిదాన్ని, అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. అది చాలా రోజులు అక్కడే ఉంది. దాన్ని లోపలికి తేవడానికి ఎవరికీ చేయి రాలేదు.

సరిగా ఆగడం మొదలుపెట్టిన ఆ కారును నాయన ఆ నెలలోనే అమ్మేశాడు. ఆ దుడ్లతో కొత్త రాయి వచ్చింది. వీరాచారి రెండో సామిని చెక్కడానికి మరో రెండు పంటకాలాలు పట్టింది. పొలం గట్టు మీద నిలిపిన రోజు జేజిని ఎద్దులబండిలో తీసుకుపోయాం. అప్పటికి నా పరికిణీ రంగు అడగడం ఆమె ఎప్పుడో మానేసింది. నాయన ఆమె చేయి పట్టుకుని రాతిమీద పెట్టాడు. ఆమె పాదాలు తడిమింది, తోక తడిమింది, మునివేళ్ల మీద లేచి ఎత్తిన చేతిని అందుకుంది. ఒక్కొక్క వేలూ పట్టి చూసింది.

"ఏళ్లన్నీ ఉండాయి గదరా," అంది. "ఊరికే ఏడ్వాక."

నాయన ఏడవడం నాకు కనపడలేదు. ఆమెకెలా తెలిసిందో.

మొన్న శిరివెళ్ల దగ్గర గొర్రెలు దాటేదాకా ఆగాను. తర్వాత కారు నంద్యాలకు తిప్పాను. సర్వీసు సెంటరు కుర్రవాడు చక్రం విప్పి, "కుడిదాంట్లో లోపలిది బయటికి, బయటిది లోపలికి ఏసినారు మేడం. అట్ల కూర్చోండి, అయిపోతాది," అన్నాడు. అయిపోయింది. ఎవరి మొహమూ చిన్నబోలేదు. ఎవరికీ పంచె పెట్టలేదు. తప్పని చెప్పడం ఇంత తేలికైన లోకం నాయనకు దొరకలేదు కదా అనుకున్నాను.

మస్తాన్ షెడ్డున్న చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆళ్లగడ్డలో రాయిని మిషన్లు కోస్తున్నాయి, ఉలుల చప్పుడు పల్చబడింది. మా మిద్దె పత్తి గోడౌను అయింది. పొలం మాది కాదు. ఆంజనేయుడు మాత్రం గట్టు మీదే ఉన్నాడు, ఎవరో సిమెంటు దిమ్మె కట్టించారు.

ఆయన కనపడగానే బ్రేకు తొక్కాను. తొక్కి, రెండు చేతులూ వదిలి జోడించాను.

కారు గీత గీసినట్టు ఆగింది.