రాణి బరువు

దెయ్యాలను నేను నమ్మను. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కొలత పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడమే నా ఉద్యోగం. రీడింగులో తేడా వస్తే కారణం దొరికేదాకా వదలను. ఒక్క రీడింగుకు మాత్రం ఇప్పటికీ కారణం దొరకలేదు.

నిరుడు రాణిని దత్తత తీసుకున్నాను. ఆగ్నేయాసియాలో మాంసం కోసం కుక్కలను తరలిస్తున్న లారీలోంచి బయటపడ్డ కుక్క. మూతికి తీగ చుట్టి, గోనెసంచిలో బిగించి, రెండు రోజులు చుక్క నీళ్లివ్వకుండా తెచ్చారట. ఆ పని చేసినవాళ్లను మనుషులనడానికి నాకు నోరు రాదు. ఉచ్చు కోసిన వెనక కాలు మానలేదు. ఆపరేషన్ తప్పదన్నారు.

ఆపరేషన్ రోజు ఉదయం ఇంట్లో తూచాను. ముందు నేనొక్కడినే, తర్వాత రాణిని ఎత్తుకుని. తేడా 14.3 కిలోలు. మూడుసార్లూ అంతే.

తొమ్మిదిన్నరకు పశువుల డాక్టర్ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. కారు నా రూమ్మేట్ శ్రీనుది. నిజామాబాద్ వాడు. రాణి క్లినిక్‌లో కాటా ఎక్కగానే నవ్వాడు.

“ఏం భాయ్, లైవా, స్కిన్‌లెస్సా?”

చికెన్ సెంటర్ జోకు. కొట్టాలనిపించింది. “నోర్ముయ్‌రా” అన్నాను.

డిస్‌ప్లే మీద 25.9.

రాణిని దింపితే సున్నా. ఎక్కిస్తే మళ్లీ 25.9. నా బ్యాగు కాటాకు తగలడం లేదు. అసిస్టెంట్ ఎక్కితే ఆమె బరువు సరిగ్గానే చూపించింది. పక్క గదిలోని కాటా మీదా 25.9. ఎత్తుకుంటే మాత్రం నా చేతులకు పొద్దుటి బరువే.

శ్రీను వంగి చూశాడు. “గిదేంది భాయ్, ఇంకోటి ఎక్కినట్టున్నది” అని బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ లోపలికి రాలేదు.

మత్తుమందు మోతాదు బరువును బట్టే ఇస్తారు. డాక్టరమ్మ 25.9 అని రాసుకుంది. ఆ లెక్కన ఇస్తే రాణి ఇక లేవదు. “ఇంట్లో 14.3 వచ్చింది. కాటాను వదిలేయండి, పక్కటెముకలు తడిమి చూడండి” అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆమె తడిమింది. ఇంకోసారి తడిమింది. అంకె కొట్టేసి 14.3 అని రాసింది.

మధ్యాహ్నం రాణి కళ్లు తెరిచింది. అదే కాటా మీద తూచారు. 14.3.

ఇంటికొచ్చి, ఆ లారీలోంచి కుక్కలను విడిపించిన వాలంటీరుకు ఫోన్ చేశాను. సంచిలో రాణి ఒక్కతే ఉందా అని అడిగాను.

“రెండున్నాయి. రెండోది అప్పటికే చచ్చిపోయింది. రాణి దాన్ని వదల్లేదు, బలవంతంగా లాగాం.”

“దాని బరువెంత?”

“చచ్చినదాన్ని మేమెందుకు తూస్తాం?”

తేడా 11.6 కిలోలు. ఆ రెండోదాని బరువు అదేనా, కాదా, నేను చెప్పలేను. అది బతికుండగా తూచినవాడు, దాన్ని మాంసానికి కిలోల లెక్కన కొన్నవాడొక్కడే.