గచ్చకాయ లేని గుంపు

మొన్న ఆదివారం మా మనవడు భోజనాల బల్ల మీద పెట్టెలోంచి వేలెడంత సైనికులను దించి, స్నేహితుడితో యుద్ధం ఆట మొదలుపెట్టాడు. ఒక్కో దళంలో ఐదుగురుండాలా, పదిమందా అని ఇద్దరూ అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. పెద్ద దళమైతే దెబ్బకు తట్టుకుంటుందని మావాడు, చిన్నవైతే నాలుగు దిక్కులకూ పోవచ్చని ఆ పిల్లవాడు. కోప్పడదామని వెళ్లినదాన్ని అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఆ వాదన నేను చిన్నప్పుడే విన్నాను, భువనగిరికి అవతల మా ఊళ్లో, ఇంటి వెనక బండ మీద, మా అన్న నోట.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, ఆటవస్తువులు కొనుక్కోవచ్చన్న సంగతే ఆ రోజుల్లో మాకు తెలియదు. సీతాఫలం గింజలు నా దండు, చింతగింజలు అన్న దండు. బొగ్గుతో బండ మీద గీతలు గీసి, ఆట మొదలయ్యే ముందే ఎవరి గింజలను వాళ్లు గుంపులుగా విడదీసుకోవాలి. ఒకసారి విడదీశాక మళ్లీ కలపడానికి లేదు. రెండు గుంపులు ఎదురుపడితే గవ్వలు వేసి, పడిన లెక్కకు ఎదుటివాళ్ల గింజలు తీసేసేవాళ్లం. సగం గింజలు పోయిన గుంపు బెదిరి బండ దిగి పారిపోయినట్టే లెక్క, దానిలో ఒక గచ్చకాయ ఉంటే తప్ప. గచ్చకాయ ఉన్న గుంపు చివరి గింజదాకా నిలబడుతుంది. అవి మాత్రం ఇద్దరికీ చెరి కొన్నే ఉండేవి.

నేను ఆశపోతును. ఉన్న గింజలన్నీ ఒకే గుంపుగా పోసి, గచ్చకాయలన్నీ దానిలోనే పెట్టి ముందుకు తోసేదాన్ని. అన్న అట్లా కాదు. గచ్చకాయలు ఎన్నో గుంపులూ అన్నే. చేతిలో గింజలు మిగిలినా, గచ్చకాయ లేకుండా ఇంకో గుంపు చేసేవాడు కాదు, ఉన్నవాటిలోనే సర్దేవాడు. ఇంకొకటి చేస్తే నన్ను వెనక నుంచి చుట్టుముట్టవచ్చు కదా అని నేనే జాలిపడి సలహా ఇస్తే, "పెద్దదిక్కు లేని గుంపు గుంపే కాదే పిల్లా" అని నవ్వేవాడు.

ఆ తెలివి అన్నకు మా బాపు దగ్గర నుంచి వచ్చింది. మాది గొర్రెల మీద బతికిన ఇల్లు. మేత కోసం మందను విడదీయాల్సి వస్తే, బాపు ప్రతి పాయలోనూ దారి తెలిసిన ముసలి గొర్రెనొకదాన్ని ఉంచేవాడు. దాని మెడలో గంట కట్టేవాడు. ఉరిమినా, తోడేలు వచ్చినా అది నిలబడితే మిగతావి దాని చుట్టూ మూగేవి. అది లేకపోతే గాలి ఎటు తోస్తే అటు పరుగెత్తేవి. కాపరుల ఇళ్లలో ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చూస్తూ చూస్తూ వచ్చేస్తుంది.

ఒక ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. గడ్డి లేక మంద సగమైంది. ముసలి గొర్రెలే ముందు పోయాయి, రెండే మిగిలాయి. బాపు, చిన్నాయిన కలిసి మందను దక్షిణంగా, హాలియా వైపు తోలుకుపోవాలని నిశ్చయించారు. అప్పటికి అక్కడ కాలువలు లేవు, వాగుల వెంట కాస్త పచ్చిక ఉండేదంతే. ఒక్కచోట అన్నింటికీ చాలదు కాబట్టి మూడు పాయలు చేయాలన్నారు. ఒకటి బాపుకు, ఒకటి చిన్నాయినకు, మూడోది అప్పుడప్పుడే మీసాలు వస్తున్న అన్నకు.

అన్న ఒప్పుకోలేదు. ఎన్నడూ బాపుకు ఎదురు చెప్పనివాడు ఆ రోజు పందిరి గుంజ పట్టుకుని నిలబడి, "రెండే చెయ్యి బాపూ. గంట గొర్రె లేకుంట నా మంద ఆగదు" అన్నాడు. రెండే చేస్తే మేత చాలక అన్నీ దారిలోనే పడిపోతాయని చిన్నాయిన వాదించాడు. అదీ అబద్ధం కాదు. చివరకు బాపు అన్న భుజం మీద చెయ్యి వేసి, "గంట గొర్రె ఎందుకు కొడకా, దాని జాగల నువ్వున్నవు గద" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. అమ్మ కూడా మురిసిపోయింది. అన్న సద్దిమూట, గొంగడి భుజాన వేసుకుని, పోతూ పోతూ నా జడ ఒకసారి లాగి వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది చిన్నాయిన చెప్పగా విన్నదే. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేచింది. పెద్దవాళ్లిద్దరి మందలూ గంట గొర్రెల చుట్టూ ముడుచుకుని నిలబడ్డాయి. అన్న మంద గాలివాలున పరుగెత్తి వాగులోకి దిగింది. ఎగువన ఎక్కడో కురిసిన వానకు వాగు పొంగి వస్తోంది. బాపు మాట నిలబెట్టాలనుకున్నాడో ఏమో, అన్న వాటికంటే ముందు ఉరికి, నీళ్లలో అడ్డంగా నిలబడి, చేతులు చాపి అదిలించి వెనక్కి మళ్లించాడట. గొర్రెలు చాలావరకు ఒడ్డెక్కాయి. అన్న ఎక్కలేదు.

బాపు ఇంటికి వచ్చాక, అన్నం ముందు కూర్చుని, "నువ్వున్నవు గద అని నేనే అంటి" అని తనలో తానే అనుకుంటూ కలిపిన ముద్ద వదిలేసి లేచిపోయేవాడు. అమ్మ ఆయనను ఒక్క మాటా అనలేదు. అది మంచితనమో, మాట కూడా రానంత దుఃఖమో నాకు ఇప్పటికీ తెలియదు. మిగిలిన గొర్రెలను చిన్నాయినకు అప్పగించి, బాపు చిట్యాల దగ్గర రోడ్డుకు కంకర కొట్టే పనికి పోయాడు. మళ్లీ కాపరి కర్ర ముట్టలేదు.

ఇప్పుడు మా వైపు మందలు లారీలెక్కి పోతున్నాయి. ఆకాశం ఉరిమితే చాలు, కాపరికి ఇంటి నుంచి ఫోను వస్తుంది. బస్సులో ఏ తల్లో కొడుకును ఎక్కడున్నవు, తిన్నవా అని అడుగుతుంటే, అట్లా అడగగలగడం ఎంత భాగ్యమో ఆమెకు తెలియదు కదా అనిపిస్తుంది. హాలియా మీదుగా వెళ్తే కాలువల నిండా నీళ్లు, కనుచూపు మేర వరి. ఆ నీళ్లు కొన్నేళ్లు ముందు వచ్చి ఉంటే మందను విడదీసే పనే ఉండేది కాదు. బాపు, అమ్మ, చిన్నాయిన ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అన్నకు ఫోటో లేదు. అన్న ముఖం ఎట్లా ఉండేదో తెలిసిన మనిషిని ఈ లోకంలో ఇక నేనొక్కదాన్నే. ఈ మధ్య నాకూ అది సరిగ్గా గుర్తుకు రావడం లేదు.