ఫిండా పూడ్చిన వజ్రాల గుంతలు

సియెర్రా లియోన్‌లో యుద్ధం చల్లారి, కోనో జిల్లాలోని తన పల్లెకి తిరిగొచ్చేసరికి ఫిండాకి మొగుడూ లేడు, ఇల్లూ లేదు. ఒకప్పుడు వరి పండిన పల్లం నిండా వజ్రాల కోసం తవ్వి వదిలేసిన గుంతలే. వాటి నిండా మురిగిన నీళ్లు, నీళ్ల మీద దోమలు. సాయానికొచ్చిన విదేశీ సంస్థ గోధుమ నూక పంచుతుంటే ఊరంతా వరసలో నిలబడేది.

ఒకరోజు తన వంతు రాగానే ఫిండా, సంస్థ తరఫున పంచుతున్న హన్నెని అడిగింది. "అమ్మా, నూక తగ్గించినా సరే, పారలూ తోపుడు బళ్లూ ఇప్పించండి. గుంతలు పూడ్చి వరేసుకుంటాం."

"నన్ను తిండి పంచమని పంపారు ఫిండా. పారలకి పైవాళ్లు ఒప్పుకోవాలి."

"ఒప్పించండి. మా ఆడవాళ్ల పని మీరింకా చూళ్లేదు."

హన్నె పైవాళ్లతో పోట్లాడింది. వానలకి ముందే పారలు దిగాయి. ఊరిపెద్ద కూడా సరేనన్నాడు. ఆడవాళ్లు ఒడ్డున పోగుపడ్డ గులకరాళ్లు గుంతల్లోకి తోసి, పైన నల్లమట్టి పరుస్తుంటే ఫిండా మరిది తాంబా పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, మతి పోయిందా? దీని కింద ఇంకా వజ్రాలున్నాయి! నన్ను తవ్వనియ్."

"మీ అన్న తవ్వలేదూ? దొరికిన రాయల్లా తుపాకులవాళ్లు పట్టుకుపోయారు. వాటితో కొన్న తుపాకులే కదయ్యా ఆయన్ని మింగాయి! తవ్వాలంటే నన్ను దాటుకుని తవ్వు."

పార పట్టుకుని అడ్డంగా నిలబడింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లూ నిలబడ్డారు. తాంబా గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మొదటి ఏడు వాన గట్లు కోసేసింది. నారంతా కొట్టుకుపోయింది. కొందరు కూలబడి ఏడ్చారు. ఫిండా మళ్లీ గట్టు వేయించింది, ఈసారి వెడల్పుగా. మరుసటేడు పల్లమంతా పచ్చబడింది. కోతల నాడు పిలవకుండానే తాంబా కొడవలితో వచ్చాడు.

"ఏమయ్యా, వజ్రాలు దొరికాయా?" అని ఆడవాళ్లు ఆటపట్టించారు.

"నవ్వండి, నవ్వండి. నేను కోయాల్సిన మునుం ఎక్కడో చెప్పు వదినా" అన్నాడు. ఫిండా నవ్వి చూపించింది.

ఇళ్లకి పోను మిగిలిన ధాన్యాన్ని బడిలో మధ్యాహ్న భోజనానికి ఆ సంస్థే కొంది. మొదటిరోజు పిల్లల పక్కనే హన్నె కూడా కూర్చుంది. ఫిండా తన చేత్తో అన్నం పెట్టి, కర్రపెండలం ఆకు కూర వేసింది.

"మంచి బియ్యం ఫిండా!"

"ఎక్కడివని ఎవరైనా అడిగితే మా పల్లె పేరు చెప్పండి," అంది ఫిండా తలెత్తి. "గట్టిగా చెప్పండి."