తాళం పడిన ఇళ్ళ కుక్కలు

కుక్క విశ్వాసం గల జంతువని బడి పుస్తకాలన్నీ చెబుతాయి. బొమ్మలో ఒక పిల్లవాడు, పక్కన కుక్క, వెనక తలుపు తీసిన ఇల్లు. ఆ తలుపుకు నెలల తరబడి తాళం పడితే కుక్క ఏమవుతుందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. అది తెలియాలంటే దీపావళి వెళ్ళాక కోసిగి మండలంలో జైతూన్ బీ ఉండే ఊరికి రావాలి.

అప్పటికి ఊళ్ళో పని అయిపోతుంది. గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ మనుషుల్ని ఎక్కించుకుపోయే బండ్లు వస్తాయి. బియ్యం మూటలు, గిన్నెలు, చంటిపిల్లలు అన్నీ ఎక్కుతాయి. కుక్కలకు చోటుండదు. అవి తారు రోడ్డు దాకా బండి వెనక పరుగెత్తి, నాలుకలు వేలాడేసుకొని తిరిగొస్తాయి. వలస పోయినవాళ్ళ లెక్కే సరిగ్గా తీయని ప్రభుత్వం కుక్కల లెక్క తీస్తుందా?

జైతూన్ బీది చిన్న అంగడి. ఆమె కూడా ఒకప్పుడు మిరపకాయలకు పోయినదే. భర్త ఖాసిం సాబ్ ఆదోని మార్కెట్లో పత్తి మూటలు మోసి మోసి మోకాళ్ళు పోగొట్టుకున్నాక ఇద్దరూ ఊళ్ళోనే ఉండిపోయారు. ఈసారి పక్క వీధి తిప్పమ్మ బండెక్కబోతూ, తన నల్లకుక్క కరియకు ఇంత రొట్టె వేయమని అడిగింది. అది విని ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. జైతూన్ బీ ఎవరినీ కాదనలేదు. పొద్దున జొన్నరొట్టెలు తట్టేటప్పుడు వాటికీ కలిపి పిండి పిసికేది.

చిక్కల్లా ఖాసిం సాబ్‌తోనే. కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకొని నమాజుకు నిలబడే మనిషి, కుక్క మూతి తగిలితే మళ్ళీ కడుక్కోవాలంటాడు. వాకిట్లోకి రానివ్వద్దన్నాడు. ఆకలికి వుజూ ఉండదని ఆమె గొణిగింది కానీ, ఆయన మాట కాదనలేక, రొట్టెలు తీసుకుపోయి నీళ్ళు రాని కొళాయి దిమ్మె మీద వేసేది. ఆమెను చూడగానే అన్ని వీధుల నుంచీ కుక్కలు ఒక్కసారిగా వచ్చేవి. చూడ్డానికి బాగానే ఉండేది.

ఒకరోజు పొద్దున గొర్రెల హనుమన్న చచ్చిన గొర్రెపిల్లను భుజాన వేసుకొచ్చి ఆమె అంగడి బల్ల మీద పడుకోబెట్టాడు. గొంతు దగ్గర చీలిపోయి ఉంది.

"నువ్వు మేపిన గుంపే జైతూనక్కా. ముందర కరియ, ఎనక మిగతావి. నిన్న ఒకటి, ఈ పొద్దు ఇంకొకటి. రొట్టె సాలక కూరకొచ్చినాయి."

హనుమన్నది తప్పని ఎలా అంటుంది? ఆ మంద తప్ప అతనికి వేరే పంట లేదు.

"రొట్టెలెయ్యడం మాను. అయ్యే పోతాయి."

"యాడికి పోతాయప్పా? గుంటూరుకా?"

"యాడికో ఒకసాటికి. శుక్రవారం దాకా సూస్తా. ఆ పైన మందు కలిపిన ముద్దలు పెడతా. నన్నేమీ అనొద్దు."

కుక్కలకు విషం పెట్టడం నేరమే. ఆ మాట చెప్పడానికి గానీ, చచ్చిన గొర్రెపిల్లకు సమాధానం చెప్పడానికి గానీ ఆ ఊరికి ఎవరూ రారు. నష్టపోయిన పేదవాడు తనకన్నా దిక్కులేని దాని మీద పడాలి. మన ఏర్పాటు అంతే.

జైతూన్ బీకి అంగట్లో కూర్చోబుద్ధి కాలేదు. కరియను తిప్పమ్మ తన చేతుల్లో పెట్టి పోయింది. ఉగాదికి వచ్చి యాడుందని అడిగితే ఏం చెప్పాలి? మరునాడు రొట్టెలు వేసి ఇంటికి రాకుండా కుక్కల వెనకే నడిచింది. తినగానే అవి చెదరలేదు. కరియ ముందు, మిగతావి వెనక. తిప్పమ్మ ఇల్లు వచ్చింది. నిరుడు ఆ గడప మీద అడ్డంగా పడుకొని, పోస్టు మనిషిని కూడా దగ్గరికి రానివ్వని కుక్క అది. ఇప్పుడు ఆ తలుపు వైపు తల కూడా తిప్పకుండా దాటిపోయింది.

ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాటినన్నిటినీ తిండికి ఒక్కచోట చేర్చింది తనే. కలిసి తినడం అలవాటైనవి కలిసి వేటకు పోతున్నాయి.

అక్కడి నుంచే తిప్పమ్మకు ఫోన్ చేసింది. అవతల చేలో గాలి, ఎవరివో కేకలు. జైతూన్ బీ దాచకుండా అంతా చెప్పింది.

"సంపుతారా అక్కా?"

"సంపుతామంటాండారు."

"మా సూరులో పలుపుంది. వాకిలి కాడే కట్టెయ్. ఎప్పుడూ కట్టలేదు దాన్ని. తిడుతుంది నన్ను."

ఆ పూటే ఆమె హనుమన్నను పొలంలో కలిసింది. దేని ఇంటి ముందు దాన్ని కడతానంది. ఆ తర్వాత కూడా ఒక్క పిల్ల పోతే కరియను తనే పట్టి ఇస్తానంది. హనుమన్న శుక్రవారం మాట ఇంకోసారి గుర్తుచేసి గొర్రెల వెనక పోయాడు.

ఇక ఆమెకు కూర్చునే తీరిక లేకపోయింది. పొద్దున, సాయంత్రం రొట్టెల గంపతో తాళం పడిన ప్రతి గడపకూ తిరగాలి. మొదట్లో కుక్కలు గొంతులు చించుకున్నాయి. పలుపు కొరికి ఒకటి తప్పించుకుంటే ఆమె ఎస్సీ కాలనీ దాకా దాని వెంటపడింది. అంగడికొచ్చిన వాళ్ళు పిలిచి పిలిచి పోయేవాళ్ళు. చివరికి ఖాసిం సాబే కర్ర ఒక చేత్తో, నీళ్ళ డబ్బా ఒక చేత్తో పట్టుకొని వెనకే బయలుదేరాడు. నీళ్ళు తను పోస్తాననీ, మూతి తగలకుండా ఆమె చూసుకోవాలనీ షరతు. మొదటి వీధిలోనే ఒక కుక్క ఆయన లుంగీ నాకింది. ఆయన ఆమెవైపు చూడకుండా తర్వాతి ఇంటికి నడిచాడు.

శుక్రవారం పొద్దున హనుమన్న మంద తిప్పమ్మ ఇంటి ముందు నుంచే వచ్చింది. కావాలనే తోలుకొచ్చాడు. జైతూన్ బీ గంప దించి, పలుపు కట్టిన గుంజను పట్టుకుంది. గొర్రెల్ని చూసి కరియ లేచింది. ఒళ్ళంతా బిగిసింది. ఒక పిల్ల దారి తప్పి గడప ముందుకొచ్చింది. దాన్ని మళ్ళించడానికి హనుమన్న కర్రతో అరుగు మీద కాలు పెట్టాడు. కరియ పిల్లను వదిలేసి అతని మీదికి మొరిగింది, తలుపుకు అడ్డంగా నిలబడి.

హనుమన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. పిల్లను చంకనెత్తుకున్నాడు.

"రేపూ కట్టేసే ఉండాల," అన్నాడు.

"వాళ్ళొచ్చేదాకా ఉంటాది."

హనుమన్న కుక్కలకని తెచ్చిన మందును వెనక్కిచ్చేశాడని సాయంత్రం అంగడికొచ్చిన ఎవరో చెప్పారు. విన్నాక జైతూన్ బీ మొదటిసారి అరుగు మీద కాళ్ళు చాపుకుంది. అప్పుడే రోడ్డు మీద ఏదో బండి హారన్ మోగింది. ఊళ్ళోని తాళం ఇళ్ళ ముందు కుక్కలన్నీ ఒక్కసారిగా లేచి పలుపులు గుంజాయి. వలస బండి కాదు, ఇసుక ట్రాక్టరు. అది ఆగకుండా పోయింది. అరుపులు మాత్రం ఆగలేదు. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, గంప అందుకుంది.